వారసత్వం కోసం నిలిచిన తల్లి – ఝాన్సీ రాణి లక్ష్మీబాయి

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– ఝాన్సీ రాణి లక్ష్మీబాయి జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
– ఝాన్సీ వివాదానికి మూలం ఒక పసివాడి వారసత్వమని వివరించగలుగుతారు.
– తల్లి లేదా తండ్రి చనిపోయినపుడు పిల్లలకు ఈనాటి చట్టం ఇచ్చే హక్కులలో ముఖ్యమైనవాటిని గుర్తించగలుగుతారు.

పరిచయం

ఇంటి యజమాని చనిపోయాడు. భార్య, చిన్న పిల్లలు మిగిలారు. పదిరోజులు గడవకముందే దాయాదులు వచ్చి పొలం సంగతి, ఇంటి సంగతి మాట్లాడతారు. పిల్లవాడు పసివాడు, వాడికేం తెలుస్తుంది అంటారు. దత్తత తెచ్చుకున్న బిడ్డ అయితే ఆ మాట కూడా అనరు, అసలు హక్కే లేదంటారు. ఇలాంటి తగాదా మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో మీరు చూసే ఉంటారు.

గుర్రం మీద కత్తి పట్టుకొని ఉన్న ఝాన్సీ లక్ష్మీబాయి బొమ్మ కూడా మీరు చూసి ఉంటారు. ఆ యుద్ధానికి నాలుగేళ్ళ ముందునుంచే ఆమె మరో పోరాటం చేసింది. అది కాగితాల మీద, అర్జీలతో చేసిన పోరాటం. తండ్రిని పోగొట్టుకున్న అయిదేళ్ళ పిల్లవాడికి రావలసినది రావాలని ఆమె కోరింది. ఆ పిల్లవాడి పేరు దామోదరరావు. ఆమె జీవితాన్ని ఈ పాఠంలో ఆ కోణంనుంచి తెలుసుకుందాం.

1. మనూబాయి లక్ష్మీబాయి అయింది

లక్ష్మీబాయి కాశీలో ఒక మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టింది. ఆమె 1828లో పుట్టిందని చాలా పుస్తకాలు చెబుతాయి. కొందరు చరిత్రకారులు 1835 అంటారు. తల్లిదండ్రులు ఆమెకు పెట్టిన పేరు మణికర్ణిక. ఇంట్లో ముద్దుగా మనూ అని పిలిచేవారు. తండ్రి మోరోపంత్ తాంబే, తల్లి భాగీరథీబాయి. మనూ చిన్నపిల్లగా ఉండగానే తల్లి చనిపోయింది.

మోరోపంత్ కాన్పూరు దగ్గర బిఠూర్‌లో ఉన్న పీష్వా రెండవ బాజీరావు కొలువులో ఉండేవాడు. ఆ బాజీరావు 1818లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాజ్యం అప్పగించి, ఏడాదికి ఎనిమిది లక్షల రూపాయల పింఛను మీద బతుకుతున్నాడు. ఆయన దత్తపుత్రుడే నానాసాహెబ్. తల్లి లేని మనూ ఆ కొలువులోనే పెరిగింది. చదువు, గుర్రపుస్వారీ, కత్తిసాము నేర్చుకుంది.

1842లో ఝాన్సీ రాజు గంగాధరరావుతో ఆమెకు పెళ్ళయింది. అత్తవారింట ఆమెకు లక్ష్మీబాయి అనే పేరు వచ్చింది. బుందేల్‌ఖండ్ ప్రాంతంలోని ఝాన్సీ చిన్న రాజ్యం. దాని పాలకులు కంపెనీతో స్నేహంగా ఉంటూ వచ్చారు. 1817లో జరిగిన ఒప్పందంలో ఝాన్సీ రాజ్యం ఆ వంశానికీ, వారి వారసులకూ చెందుతుందని కంపెనీ అంగీకరించింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తరువాత ఇదే ముఖ్యమవుతుంది.

1851లో రాణికి ఒక కొడుకు పుట్టాడు. కొన్ని నెలలకే ఆ బిడ్డ చనిపోయాడు. ఆ దుఃఖంనుంచి గంగాధరరావు తేరుకోలేదు. 1853 నవంబరు నాటికి ఆయన మంచం పట్టాడు.

2. దత్తత జరిగిన రోజు

బతుకు మీద ఆశ తగ్గిన రాజు 1853 నవంబరు 20న తన బంధువుల ఇంటి పిల్లవాడిని దత్తత తీసుకున్నాడు. అయిదేళ్ళ ఆ పిల్లవాడి అసలు పేరు ఆనందరావు. శాస్త్రప్రకారం కార్యక్రమం జరిపి దామోదరరావు అని పేరు పెట్టారు.

ఆ దత్తత చాటుగా జరగలేదు. కంపెనీ ప్రతినిధిగా ఝాన్సీలో ఉన్న ఇంగ్లీషు అధికారి దానికి సాక్షి. రాజు ఆ అధికారి చేతికి ఒక ఉత్తరం కూడా ఇచ్చాడు. తన తరువాత పిల్లవాడిని వారసుడిగా గుర్తించాలనీ, తన భార్య బతికి ఉన్నంతకాలం పాలన ఆమె చేతిలో ఉండాలనీ అందులో కోరాడు. మర్నాడు, అంటే నవంబరు 21న, గంగాధరరావు కన్నుమూశాడు.

రాజు చేయవలసినవన్నీ చేశాడని గమనించండి. దత్తత చేసుకున్నాడు. నలుగురి ఎదుట చేసుకున్నాడు. దానిని కాగితం మీద పెట్టాడు. ఆ కాగితాన్ని అధికారి చేతికి ఇచ్చాడు. హిందూ ధర్మశాస్త్రం ప్రకారం దత్తపుత్రుడు కన్నకొడుకుతో సమానం. తండ్రికి కర్మ చేసేదీ, తండ్రి ఆస్తి పొందేదీ అతడే. కంపెనీ న్యాయస్థానాలు కూడా ఆస్తి విషయంలో ఈ నియమాన్ని ఒప్పుకొనేవి.

3. ఒక వారసత్వం, రెండు ముక్కలు

అప్పటి గవర్నర్ జనరల్ డల్హౌసీ. ఆయన 1848నుంచి 1856వరకు ఆ పదవిలో ఉన్నాడు. కంపెనీ మీద ఆధారపడిన రాజ్యాలలో రాజు కన్నకొడుకు లేకుండా చనిపోతే, కంపెనీ అనుమతి లేని దత్తత చెల్లదనీ, ఆ రాజ్యం కంపెనీకి చెందుతుందనీ ఆయన వాదించాడు. దీనినే రాజ్యసంక్రమణ సిద్ధాంతం అంటారు. 1848లో సతారా, 1849లో సంబల్‌పూర్ ఇలాగే కంపెనీ వశమయ్యాయి. 1854లో నాగపూర్ కూడా అదే దారి పట్టింది.

ఝాన్సీ విషయంలో డల్హౌసీ 1854 ఫిబ్రవరి చివరలో నిర్ణయం చేశాడు. మార్చిలో దానిని ఝాన్సీలో ప్రకటించారు. ఆ నిర్ణయం పిల్లవాడి వారసత్వాన్ని రెండు ముక్కలు చేసింది.

మొదటి ముక్క రాజు సొంత ఆస్తి. అంటే డబ్బు, నగలు మొదలైనవి. వీటికి దామోదరరావు వారసుడే అని కంపెనీ ఒప్పుకుంది. రెండవ ముక్క రాజ్యం. దానికి మాత్రం అతడు వారసుడు కాడని చెప్పింది. అంటే ఒకే పిల్లవాడు, ఒకే దత్తత. ఆస్తి దగ్గర ఆ దత్తత చెల్లింది. రాజ్యం దగ్గర చెల్లలేదు. రాజ్యం ఎవరికి దక్కుతుందో ఆ కంపెనీయే తీర్పరి కూడా అయింది. లాభం పొందేవాడే తీర్పు చెబితే అది న్యాయమవుతుందా? మీరే ఆలోచించండి.

రాణిని కోట విడిచి ఊళ్ళోని మహల్‌లో ఉండమన్నారు. ఆమె జీవితకాలానికి నెలకు 5,000 రూపాయల పింఛను ఇస్తామన్నారు. పిల్లవాడికి చెందిన సొమ్ము సుమారు ఆరు లక్షల రూపాయలు. అతడు పెద్దవాడయ్యేవరకు దానిని కంపెనీ తన ఖజానాలో ఉంచుకుంది.

పాఠాంతర్గత ప్రశ్నలు – 1
అ) దామోదరరావు దత్తతకు ఉన్న సాక్ష్యాలు ఏవి?
ఆ) కంపెనీ ఏ ఆస్తికి అతడిని వారసుడిగా ఒప్పుకుంది? దేనికి ఒప్పుకోలేదు?

4. అర్జీలతో చేసిన పోరాటం

రాణి వెంటనే కత్తి దూయలేదు. అర్జీలు రాసింది. 1817 నాటి ఒప్పందాన్ని చూపించింది. పొరుగున ఉన్న దతియా, ఓర్ఛా రాజ్యాలలో దత్తతను కంపెనీ ఒప్పుకుందని గుర్తు చేసింది. వాళ్ళకు ఒప్పుకున్న హక్కు తన కొడుకుకు ఎందుకు లేదని అడిగింది.

ఆమె న్యాయవాదిని కూడా పెట్టుకుంది. 1854లో జాన్ లాంగ్ అనే లాయరును ఝాన్సీకి పిలిపించుకొని సలహా తీసుకుంది. ఆయన పుట్టింది ఆస్ట్రేలియాలో. మన దేశంలో కంపెనీ మీద కేసులు వాదించి పేరు తెచ్చుకున్నాడు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు కూడా అర్జీ వెళ్ళింది. వాళ్ళు డల్హౌసీ నిర్ణయాన్నే ఖాయం చేశారు.

ఆ రోజుల్లో భర్త పోయిన స్త్రీ పరదా చాటున ఉండాలనే ఆచారం గట్టిగా ఉండేది. అలాంటి కాలంలో ఒక యువతి ఒప్పందాలు చదివించుకొని, లాయరుతో మాట్లాడి, గవర్నర్ జనరల్‌కు రాసిందంటే అది చిన్న సంగతి కాదు. పిల్లవాడికి నోరు లేదు. అతడి తరఫున ఆమె మాట్లాడింది. ఇలా మైనరు తరఫున మాట్లాడి, అతడి ఆస్తిని కాపాడే వ్యక్తిని చట్టం సంరక్షకులు అంటుంది.

సంరక్షకురాలిగా ఆమెకు ఎదురైన చిక్కులు రెండు చూద్దాం. చనిపోయిన రాజు చేసిన అప్పులను ఆమె పింఛనునుంచి తీర్చాలని అధికారులు అన్నారు. రాజ్యం తీసుకున్నవారు అప్పులు తీసుకోలేదు. ఇక పిల్లవాడికి ఉపనయనం చేయవలసి వచ్చింది. అందుకోసం అతడి సొమ్ములోనుంచే లక్ష రూపాయలు ఇవ్వమని రాణి అడిగింది. పెద్దవాడయ్యాక అతడు ఆ డబ్బు అడిగితే తిరిగి కట్టేందుకు జామీను చూపిస్తేనే ఇస్తామన్నారు. రాణి పూచీదారులను తెచ్చి ఆ డబ్బు తీసుకోవలసి వచ్చింది.

మైనరు సొమ్మును తల్లి కూడా ఇష్టం వచ్చినట్టు ఖర్చు చేయకూడదన్న నియమంలో తప్పు లేదు. ఆ జాగ్రత్త పిల్లవాడి మేలు కోసమే. అయితే అంత జాగ్రత్త చూపిన కంపెనీ చివరికి ఏం చేసిందో ముందు ముందు చదువుతారు.

5. 1857 – 58

1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. జూన్‌లో ఝాన్సీలోని సిపాయిలూ లేచారు. లొంగిపోయిన ఇంగ్లీషువారిని, వారి స్త్రీలను, పిల్లలను కూడా చంపేశారు. ఇది చాలా దారుణం. ఇందులో రాణి చేయి ఉందని కంపెనీ అధికారులు అనుమానించారు. ఆ అనుమానానికి గట్టి ఆధారం లేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

సిపాయిలు ఢిల్లీకి వెళ్ళిపోయాక ఝాన్సీకి దిక్కు లేకపోయింది. రాణి సాగర్ ప్రాంత కమిషనర్‌కు రాసింది. కంపెనీ మళ్ళీ వచ్చేవరకు పాలన చూడమని ఆయన ఆమెకే చెప్పాడు. ఆమె దామోదరరావు తరఫున పాలన నడిపింది. ఓర్ఛా సైన్యం దాడి చేస్తే తిప్పికొట్టింది. కాని కంపెనీ ప్రభుత్వం ఆమెను నమ్మలేదు.

1858 మార్చిలో జనరల్ హ్యూ రోజ్ సైన్యంతో వచ్చి ఝాన్సీని ముట్టడించాడు. రాణి కోటలోనుంచి పోరాడింది. సాయానికి వచ్చిన తాత్యా తోపే సైన్యం ఓడిపోయింది. ఏప్రిల్ మొదటివారంలో ఇంగ్లీషు సైన్యం పట్టణంలోకి చొరబడింది. రాణి ఒక రాత్రి కొడుకును వెంటబెట్టుకొని కొద్దిమంది అనుచరులతో కోట దాటింది. ఆమె తండ్రి మోరోపంత్ పట్టుబడ్డాడు. ఆయనను ఉరితీశారు.

రాణి కాల్పీకి, అక్కడినుంచి గ్వాలియర్‌కు చేరింది. 1858 జూన్ 17న గ్వాలియర్ దగ్గర కోటాకీ సరాయ్‌లో పోరాడుతూ ప్రాణాలు విడిచింది. కొన్ని పుస్తకాలలో ఈ తేదీ 18 అని ఉంటుంది. అప్పటికి దామోదరరావుకు సుమారు తొమ్మిదేళ్ళు. అయిదేళ్ళలోపలే అతడు తండ్రినీ, తల్లినీ పోగొట్టుకున్నాడు.

6. దామోదరరావు ఏమయ్యాడు?

చాలా పుస్తకాలు రాణి మరణంతో కథ ముగిస్తాయి. మనం ఇంకొంచెం ముందుకు వెళదాం.

రాణి నమ్మకస్తులు కొందరు పిల్లవాడిని తీసుకొని బుందేల్‌ఖండ్ అడవులలోకి వెళ్ళారు. ఊళ్ళోకి వస్తే ప్రాణభయం. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ రెండేళ్ళ దాకా తిరిగారు. చేతిలో ఉన్న కాస్త బంగారం తిండికే కరిగిపోయింది. చివరకు 1860లో వారు అతడిని ఇండోర్‌లోని ఇంగ్లీషు అధికారులకు అప్పగించారు.

ప్రభుత్వం అతడికి పింఛను ఏర్పాటు చేసింది. మరి ఖజానాలో ఉన్న లక్షల సొమ్ము? రాణి తిరుగుబాటు చేసిందన్న కారణంతో అది అతడికి దక్కలేదు. అతడు పెద్దవాడై అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. ఝాన్సీ వారసుడు ఇండోర్‌లోనే సామాన్యుడిగా బతికి 1906లో చనిపోయాడు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఆ సొమ్ము రాణిది కాదు. అది పిల్లవాడిది అని కంపెనీయే రాతపూర్వకంగా ఒప్పుకుంది. అతడు పెద్దవాడయ్యేవరకు భద్రంగా ఉంచుతామంది. ఉపనయనానికి అడిగినపుడు జామీను లేనిదే తల్లికి కూడా ఇవ్వలేదు. తిరుగుబాటు నేరమే అనుకున్నా, ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లవాడు చేసిన నేరం ఏముంది? పెద్దల మీద కోపం పిల్లవాడి వాటా మీద తీర్చుకున్నారు. రాజ్యం పోవడం కంటే ఇది పెద్ద అన్యాయమని మీకు అనిపిస్తే, అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

రాజ్యసంక్రమణ సిద్ధాంతం ఎక్కువకాలం నిలవలేదు. 1858లో కంపెనీ పాలన పోయి విక్టోరియా రాణి పాలన వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే స్వదేశీ రాజుల దత్తత హక్కును గుర్తిస్తూ వైస్రాయ్ కానింగ్ సనదులు ఇచ్చాడు. ఝాన్సీ రాణి అడిగింది అదే హక్కు. కాని దామోదరరావుకు అది ఉపయోగపడలేదు.

పాఠాంతర్గత ప్రశ్నలు – 2
అ) రాణి తన అర్జీలలో చూపిన రెండు కారణాలు ఏవి?
ఆ) ఖజానాలోని సొమ్ము దామోదరరావుకు ఎందుకు దక్కలేదు?

7. ఈనాటి చట్టం ఏమంటుంది?

రాజ్యాలు పోయాయి. కాని పొలం, ఇల్లు, బ్యాంకులో డబ్బు ఉన్నాయి. వాటి విషయంలో మీరు తెలుసుకోవలసినవి ఇవి.

వాటాలు: హిందువులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తి కొడుకులకు, కూతుళ్ళకు, భార్యకు, ఆయన తల్లికి సమానంగా చెందుతుంది. తండ్రి చనిపోయేనాటికి కడుపులో ఉండి, తరువాత ప్రాణంతో పుట్టిన బిడ్డకూ వాటా ఉంది. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే నియమాలు ఉన్నాయి. ముస్లిం చట్టంలో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది. క్రైస్తవులలో భార్యకు మూడోవంతు పోను, మిగిలినది పిల్లలందరికీ సమానం.

కూతుళ్ళు: పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది. అది అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు వర్తించింది. 2005లో కేంద్ర చట్టాన్ని సవరించారు. దానితో పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది.

దత్తత: 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత తీసుకున్న నాటినుంచి ఆ బిడ్డ సొంత బిడ్డతో సమానం. దత్తత పత్రం రిజిస్టరు చేయించుకుంటే, కాదన్నవాళ్ళే రుజువు చేయవలసి ఉంటుంది. కాబట్టి ఆ పని వాయిదా వేయకండి.

మైనరు ఆస్తి: పద్దెనిమిదేళ్ళు నిండనివారు మైనర్లు. తండ్రి లేకపోతే తల్లి సహజ సంరక్షకురాలు. మైనరు పేర ఉన్న భూమిని, ఇంటిని అమ్మాలంటే ఆమె కూడా ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా అమ్మితే, మైనరు పెద్దవాడయ్యాక మూడేళ్ళలోగా కోర్టుకు వెళ్ళి ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. బాబాయికో, మేనమామకో అమ్మే అధికారం దానంతట అది రాదు.

అప్పులు: తండ్రి చేసిన అప్పులకు ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. వారసుల సొంత సంపాదననుంచి కట్టనక్కరలేదు.

నామినీ: బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నవారు డబ్బు తీసుకోవచ్చు. అంతమాత్రాన ఆ డబ్బు వారిది అయిపోదు. అందులో వారసులందరికీ వాటా ఉంటుంది.

ఏం చేయాలి: ముందుగా మరణ ధ్రువపత్రం తీసుకోండి. తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. అందులో పిల్లలందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి. తగాదా వస్తే మీ దగ్గరి కోర్టులోని న్యాయ సేవా సంస్థను కలవండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. ఝాన్సీ రాణి లాయరు కోసం సొంత డబ్బు ఖర్చు చేయవలసి వచ్చింది. ఈనాడు తల్లికి ఆ ఖర్చు అవసరం లేదు.

సారాంశం

ఝాన్సీ లక్ష్మీబాయి వీరనారి. దానికంటే ముందు ఆమె ఒక మైనరు బిడ్డకు సంరక్షకురాలు. దత్తతకు సాక్షులున్నారు, రాత ఉంది, శాస్త్రం ఉంది. అయినా ఆస్తి మీద కన్నేసినవారే తీర్పు చెప్పడంవల్ల పిల్లవాడికి న్యాయం జరగలేదు. అతడిదని ఒప్పుకున్న సొమ్ము కూడా తల్లి చేసిన పని పేరు చెప్పి ఇవ్వలేదు. బిడ్డ వారసత్వం ఎవరి దయవల్లనో వచ్చేది కాదు. అది బిడ్డ హక్కు. పెద్దల తగాదాలతో దానికి సంబంధం లేదు. ఈనాడు తీర్పు చెప్పడానికి కోర్టు ఉంది. అక్కడిదాకా వెళ్ళి పిల్లల తరఫున మాట్లాడవలసింది మనం.

అభ్యాసం

1. డల్హౌసీ నిర్ణయం న్యాయమైనదేనా? మీ అభిప్రాయాన్ని అయిదారు వాక్యాలలో రాయండి.
2. భర్త చనిపోయిన ఒక స్త్రీకి ఇద్దరు చిన్న పిల్లలు. మరిది వచ్చి పిల్లల పొలం తాను అమ్ముతానంటున్నాడు. ఆమెకు మీరు ఏమని సలహా ఇస్తారు?
3. మీ ఇంట్లో మరణ ధ్రువపత్రం, పట్టాదారు పాసు పుస్తకం, దత్తత పత్రం వంటి కాగితాలు ఏవి ఉన్నాయో జాబితా రాయండి. వాటిలో పిల్లల పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూడండి.